పండుగ పూట పత్యం
(పూర్వ విద్యార్థుల డిసెంబరు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరుని కాబట్టి వంతెనల గురించో, సిమెంటు గురించో మాట్లాడతానని నిర్వాహకులు అనుకున్నారు. నేను తిండి గురించి మాట్లాడతానన్నాను. కారణం చిన్నది. మన బ్యాచ్ వాళ్ళం కలిసినప్పుడు ముప్పైల్లో ఉద్యోగాల సంగతి, నలభైల్లో పిల్లల చదువుల సంగతి మాట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడు మాట మొదలయ్యేదే “నీకెంత ఉంది?” అని. అడిగేది డబ్బు గురించి కాదు, షుగరు గురించి. పైగా క్రిస్మస్ వారంలో ఉన్నాం. ఆ వెనకే కొత్త సంవత్సరం, సంక్రాంతి. డిసెంబరు మధ్య నుంచి జనవరి మధ్య దాకా మన ఊళ్ళో ఏ ఇంటికెళ్ళినా పళ్ళెం ముందుకొస్తుంది. ఆ నెల రోజులు పత్యం నిలబెట్టుకోవడం ఎట్లా, పండుగను పోగొట్టుకోకుండా ఉండడం ఎట్లా అన్నదే నా విషయం.

మా నాయన షుగరుతో పోయాడు. కాలి వేలుతో మొదలై మూత్రపిండాల దాకా వెళ్ళింది. అందుకే నాలుగేళ్ళ కిందట నా హెచ్‌బీఏ1సీ 6.3 అని కాగితం మీద చూసినప్పుడు, అది ఇంకా జబ్బు కాదు, గుమ్మం దాకా వచ్చిన జబ్బు అని నాకు అర్థమైంది. 5.7 నుంచి 6.4 దాకా ముందస్తు మధుమేహం అంటారు, 6.5 నుంచి మధుమేహమే. ఈ గుమ్మంలో నేనొక్కడినే లేను. భారత వైద్య పరిశోధన మండలి వాళ్ళు దేశమంతటా చేసిన సర్వే 2023లో అచ్చయింది. దాని ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవాళ్ళు 10 కోట్ల పైమాట, గుమ్మంలో ఉన్నవాళ్ళు 13 కోట్ల పైమాట. అదే సర్వే నుంచి 2025లో వచ్చిన మరో లెక్క ఏమంటే, మనం తినే కేలరీల్లో దాదాపు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయి. అంటే అన్నం, గోధుమ, చక్కెర.

మా డాక్టరుగారితో మాట్లాడి నేను పేలియో అనే తిండి పద్ధతి ఎంచుకున్నాను. పేలియోలిథిక్ అంటే పాతరాతియుగం. మన సోషల్ పాఠంలో చదువుకున్నదే. 1863లో మద్రాసు పక్కన పల్లావరంలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్తకు దొరికిన రాతి పనిముట్టు ఆ యుగానిదే. వ్యవసాయం పుట్టి సుమారు పదివేల ఏళ్ళయింది. అంతకు ముందు లక్షల ఏళ్ళు మనిషి వేటాడి, ఏరుకుని తిన్నాడు. మన ఒళ్ళు ఆ తిండికి అలవాటుపడింది కాబట్టి ఇవాళ్టి జబ్బులకు అదే మందు అని ఈ పద్ధతి చెప్పేవాళ్ళ వాదన. 1985లో బాయిడ్ ఈటన్, మెల్విన్ కానర్ అనే ఇద్దరు అమెరికన్లు ఒక వైద్య పత్రికలో దీన్ని శాస్త్రీయంగా చర్చించారు. 2002లో లోరెన్ కార్డెయిన్ రాసిన పుస్తకంతో ఇది ఇంటింటి మాట అయింది. మాంసం, చేపలు, గుడ్లు, కూరగాయలు, పళ్ళు, బాదం వంటి గింజలు తినవచ్చు. ధాన్యం, పప్పులు, పాలు, చక్కెర కూడవు. తమాషా ఏమంటే జీడిపప్పు పేరులో పప్పు ఉన్నా అది పప్పు కాదు, తినవచ్చు. వేరుశెనక్కాయ మాత్రం కంది, పెసర కుటుంబమే, తినకూడదు.

తెలుగువాళ్ళకు ఇట్లాంటి పద్ధతులు కొత్తేమీ కాదు. మంతెన సత్యనారాయణరాజుగారు ఉప్పు, నూనె మానమన్నారు. ఖాదర్ వలీగారు సిరిధాన్యాలు తినమన్నారు. 2017, 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణగారు అన్నం మాని కొబ్బరినూనె, నెయ్యి, నిమ్మకాయలు అన్నారు. మా బంధువుల్లో ఒకే ఇంట్లో అత్తగారు కొర్రలు, కోడలు కొబ్బరినూనె, మామగారు ఉప్పులేని కూర తిన్న రోజులు నాకు తెలుసు. వీటిలో ఒకటి నిజం, మిగతావి అబద్ధం అని తేల్చడానికి నేను రాలేదు. పేలియో మీద కూడా నాకు గుడ్డి నమ్మకం లేదు. ఎందుకో చెబుతాను.

మొదటిది, రాతియుగం తిండి ఇవాళ ఎవరికీ దొరకదు. మిరపకాయ, టమాటా, చిలగడదుంప, జీడిమామిడి అన్నీ అమెరికా ఖండాల నుంచి గత అయిదు వందల ఏళ్ళలో వచ్చినవే. మిరపకాయ లేకుండా నెల్లూరు చేపల పులుసు ఎట్లా ఉంటుందో ఊహించుకోండి.

రెండోది, రాతియుగం మనిషి రొట్టె ముట్టలేదనడం కూడా నిజం కాదు. జోర్డాను దేశపు ఈశాన్య ఎడారిలో షుబైకా అనే చోట సుమారు 14,400 ఏళ్ళ నాటి పొయ్యిల్లో మాడిన రొట్టె తునకలు దొరికాయి. 2018లో ఈ సంగతి అచ్చయింది. అక్కడ వ్యవసాయం పుట్టడానికి నాలుగు వేల ఏళ్ళ ముందటి రొట్టె అది. యేసు పుట్టిన బెత్లెహేము పేరుకు హెబ్రీ భాషలో రొట్టెల ఇల్లు అని అర్థం. రొట్టెల ఇంట్లో పుట్టినవాడి పండుగ నాడు రొట్టె తిననని కూర్చోవడం ఎంత చిత్రమో, నా మీద నేనే నవ్వుకుంటూ ఉంటాను.

మూడోది మన జిల్లాదే. వేటాడి, ఏరుకుని తిని బతికిన మనుషుల గురించి తెలుసుకోవడానికి మనం అమెరికా పుస్తకాలు తిరగెయ్యనక్కరలేదు. మన యానాదులున్నారు. శ్రీహరికోట దీవిలో, వాగుల వెంట, చెరువుల వెంట చేపలు, ఎండ్రకాయలు, దుంపలు, తేనె, అడవి పళ్ళతో తరతరాలు బతికారు. వాళ్ళ కోసం జీవితం ధారపోసిన వెన్నెలకంటి రాఘవయ్యగారు 1962లో వాళ్ళ మీద పుస్తకమే రాశారు. 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశారు. యానాదులు వరి పొలాల్లో ఎలుకలు పట్టేటప్పుడు కలుగుల్లో దాచుకున్న వడ్లు కూడా తెచ్చుకునేవాళ్ళు. అంటే ఏది దొరికితే అది తిన్నారు; ఇది కూడదు, అది కూడదు అనే పట్టిక వాళ్ళకు లేదు. ఇవాళ వాళ్ళలో ఎక్కువమంది తినేది రేషను బియ్యమే. బాదం కిలో ధర తెలిసినవాళ్ళకు చెప్పనక్కరలేదు, పేలియో అనేది స్తోమత ఉన్నవాడి తిండి. ఆ మాట మరిచిపోయి కూలి చేసుకునేవాడికి “అన్నం మానెయ్యి” అని సలహా ఇవ్వడం న్యాయం కాదు.

మరి ఇన్ని లోపాలు చెబుతూ నువ్వెందుకు తింటున్నావంటే, నా ఒంటికి అది పనిచేసింది కాబట్టి. 84 కిలోలున్నవాడిని 74కు వచ్చాను. హెచ్‌బీఏ1సీ 5.7 దగ్గర నిలిచింది. ఒక్కడి లెక్క రుజువు కాదని ఇంజనీరుగా నాకు తెలుసు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో ధాన్యాన్ని పూర్తిగా మానమనలేదు, మొత్తం కేలరీల్లో 45 శాతానికి మించనివ్వొద్దంది. పప్పులు తినమనే చెప్పింది. మీలో చాలామందికి అదే మంచి దారి.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళు, ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు డాక్టరుకు చెప్పకుండా ఉన్నట్టుండి అన్నం మానెయ్యకండి. మందు అదే మోతాదులో ఉండి తిండి తగ్గితే షుగరు పడిపోయి స్పృహ తప్పవచ్చు. కొన్ని కొత్త రకం మాత్రలతో పిండిపదార్థాలు పూర్తిగా మానితే రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదం ఉంది. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళు మాంసం పెంచేముందు తప్పకుండా అడగాలి.

ఇక పండుగ దగ్గరికి వద్దాం. మాది క్రైస్తవ కుటుంబం. అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరులో మిషన్ మొదలుపెట్టింది 1840లో. అప్పటి నుంచి ఈ తీరంలో క్రిస్మస్ ఉంది, కానీ పిండివంటలు మన సంక్రాంతివే. అరిసెలు, కజ్జికాయలు, మణుగుబూలు. గులాబీ పువ్వుల అచ్చు సముద్రం దాటి వచ్చింది. ప్లం కేకుదీ అదే దారి. కేరళలోని తలశ్శేరిలో మంబళ్ళి బాపు 1883లో దొర ఒకడు తెచ్చిన ముక్క రుచి చూసి చేసిందే మన దేశపు మొదటి క్రిస్మస్ కేకు అంటారు. అంటే పండుగ వంట ఎప్పుడూ మారుతూనే వచ్చింది. మారకుండా వచ్చింది ఒక్కటే. ఇంట్లో నలుగురు కూర్చుని చెయ్యడం, చేసింది పది ఇళ్ళకు పంచడం.

ఇది నాకు పుస్తకాలు నేర్పలేదు, మా అమ్మ నేర్పింది. ఆమెకు ఎనభై దాటాయి. నేను ఈ తిండి మొదలుపెట్టిన ఏడాది క్రిస్మస్‌కు, “అమ్మా, డైట్‌లో ఉన్నాను” అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. “ఏందిరా అబ్బయ్యా, నా చేతి కజ్జికాయ కూడా నీకు విషమైపోయిందా?” అంది. మా అక్క పక్కనుండి, “పత్యంలో ఉన్నాడమ్మా, డాక్టరు పెట్టాడు” అని సర్దిచెప్పింది. అంతే, అమ్మ గొంతే మారిపోయింది. “ముందే చెప్పొద్దా? అయితే నువ్వు తినబాక, వచ్చి పూర్ణం పెట్టి వత్తు” అంది. ఆ సాయంత్రం నూటయాభై కజ్జికాయలకు నేనే అంచులు వత్తాను. ఒక్కటీ తినలేదు. ఆ పళ్ళేలు వీధిలో ఇంటింటికీ నేనే తీసుకెళ్ళాను. రంజానుకు మాకు సేమ్యా పంపే ఇంటికి, సంక్రాంతికి అరిసెలు పంపే ఇంటికి.

డైట్ అన్న మాటకూ, పత్యం అన్న మాటకూ తేడా ఎంతుందో ఆలోచించండి. డైట్ అంటే నా ఒళ్ళు, నా ఇష్టం, మీ తిండి నాకొద్దు అన్నట్టు వినిపిస్తుంది. పత్యం అంటే ఇల్లంతా కలిసి మోసేది. బాలింతకు పత్యం, కామెర్లు వచ్చినవాడికి పత్యం. వండిపెట్టేది ఇంకొకరు, గుర్తుచేసేది ఇంకొకరు. పత్యంలో ఉన్నవాడిని బలవంతపెట్టడం మన ఇళ్ళల్లో మర్యాద కాదు. అట్లాగే పత్యంలో ఉన్నవాడు పక్కవాడి పళ్ళెం చూసి ఉపన్యాసం చెప్పడం కూడా మర్యాద కాదు. మీ ఇంట్లో ఎవరైనా తిండి మార్చుకుంటే ఆ మాటే వాడండి. సగం గొడవలు తీరిపోతాయి.

ఇప్పుడు మా ఇంటి క్రిస్మస్ పళ్ళెం చెబుతాను. రాసుకునేవాళ్ళు రాసుకోండి.

చేపల పులుసు ఇరవై నాలుగో తేదీ సాయంత్రమే చేసేస్తాం. తుమ్మలపెంట వైపు నుంచి వచ్చే వంజరమో, చందువో. పులుసు మరుసటి రోజుకే రుచి అని మన జిల్లాలో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఆ రోజుల్లో మామిడికాయ దొరకదు కాబట్టి చింతపండే. నువ్వులనూనె వేస్తాం. పేలియో కట్టుదిట్టంగా పాటించేవాళ్ళు ఆ నూనె కూడా వద్దంటారు. కొబ్బరినూనెతో చేపల పులుసు మాత్రం మా అమ్మ ఒప్పుకోదు, నేనూ అడగను.

పండుగ ఉదయం ఆరాధన నుంచి వచ్చాక గుడ్లు, రెండు గేగు ముక్కలు. గేగులంటే తేగలు, డిసెంబరులో మన తాటితోపుల కానుక. ఉసిరికాయలు, జామకాయలు కూడా ఆ కాలానివే.

మధ్యాహ్నం నాటుకోడి కూర, మిరియాల మటన్ వేపుడు, రొయ్యలు. కూర చిక్కబడడానికి పుట్నాల పొడి వెయ్యకుండా కొబ్బరి, గసగసాలు, కాస్త జీడిపప్పు నూరి వేస్తాం. పెరుగు పచ్చడికి బదులు చిక్కటి కొబ్బరిపాలలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మరసం కలుపుతాం. నిమ్మరసం తినేముందే పిండాలి, ముందే పిండితే పాలు విరుగుతాయి.

బిర్యానీ సంగతి అడుగుతారు. ఇంట్లో అందరికీ అసలు బిర్యానీయే. నా ఒక్కడికి మాత్రం కాలీఫ్లవర్ తురిమి, తడి లేకుండా గుడ్డలో పిండి, అదే మసాలాలో, అదే మాంసంతో చేస్తారు. నీళ్ళు పొయ్యకూడదు, మూత పెట్టి అయిదారు నిమిషాలకు మించి ఉంచకూడదు. ఉంచితే ముద్ద అవుతుంది. అది బిర్యానీ అని నేననను. కానీ లెక్క చూడండి. ఒక పళ్ళెం బిర్యానీలో 350 గ్రాముల అన్నం ఉంటే సుమారు 100 గ్రాముల పిండిపదార్థం. అంతే కాలీఫ్లవర్‌లో 20 గ్రాములు కూడా ఉండదు. పళ్ళెం నిండుగానే ఉంటుంది, పక్కన కూర్చున్నవాళ్ళకు తేడా కనిపించదు. పండుగ పూట అందరితో పాటు నిండు పళ్ళెం ముందు కూర్చోవడం చిన్న సంగతి కాదు.

కేకు కూడా ఉంది. 200 గ్రాముల బాదంపొడి, నాలుగు గుడ్లు, 150 గ్రాముల ఖర్జూరం గుజ్జు, ఒక కమలాపండు తొక్క తురుము, దాల్చినచెక్క, లవంగం, శొంఠి పొడులు, చిటికెడు వంటసోడా, ఒక చెంచా నిమ్మరసం. గుడ్లు బాగా గిలకొట్టి మిగతావి కలిపి, అడుగున ఇసుక పోసిన కుక్కరులో వెయిటు, రబ్బరు తీసేసి, సన్న సెగ మీద ముప్పావుగంట. పదహారు ముక్కలు చేస్తే ఒక్కో ముక్కలో చక్కెర ఆరేడు గ్రాములు, కేలరీలు సుమారు 115. ఇక్కడొక మాట. ఖర్జూరం చక్కెరే, బెల్లం చక్కెరే, తేనె చక్కెరే. పేరు మారితే ఒళ్ళు మోసపోదు. పేలియో కేకు అని నాలుగు ముక్కలు తింటే మామూలు కేకు తిన్నట్టే.

ఈ వంటలన్నీ ఇంట్లో చేసుకున్నవి కాబట్టే నాకు వీలయ్యాయి. బజారులో కొన్న కేకులో ఏముందో మనకు తెలియదు. ఇంట్లో అయితే ఏ నూనె, ఎంత తీపి అన్నది మన చేతిలో ఉంటుంది. కానీ ఆ చెయ్యి ఎవరిది? చాలా ఇళ్ళల్లో మగవాడి పత్యం ఆడవాళ్ళకు రెండో వంట. పండుగ రోజు అసలే పొయ్యి దగ్గర నుంచి కదలని మనిషికి ఇంకో గిన్నె అంటగట్టడం ఏం పత్యం? అందుకే మా ఇంట్లో కాలీఫ్లవర్ తురమడం, కేకు చెయ్యడం, గిన్నెలు తోమడం నా పని. మగవాళ్ళకు నా విన్నపం ఇదే. పత్యం మీదైతే కత్తిపీట కూడా మీదే.

చివరిగా నిర్వాహకులకు ఒక మనవి. స్వర్ణోత్సవం రోజు మధ్యాహ్నం భోజనాలకు మనమంతా మళ్ళీ కలుస్తాం. బిర్యానీ ఉండనివ్వండి, తీపి ఉండనివ్వండి. ఒక చివర మాత్రం ఒక బల్ల వెయ్యండి. ఉడికించిన గుడ్లు, కూరగాయలు, చేపల వేపుడు, జామకాయ ముక్కలు చాలు. దానికి డయాబెటిక్ కౌంటర్ అని బోర్డు పెట్టొద్దు. ఏ బోర్డూ వద్దు. మా బ్యాచ్‌లో ఇద్దరు మిత్రులు, నలుగురి ముందు “నాకొద్దు” అని చెప్పడం ఇష్టంలేక ఇట్లాంటి భోజనాలకు రావడమే మానేశారు. ఇంకో ఇద్దరిని షుగరే తీసుకెళ్ళింది. ఉన్నవాళ్ళనైనా పంక్తిలో కూర్చోబెట్టుకుందాం. ఆ బల్ల ఖర్చు, వంట పని నేను, మా బ్యాచ్ చూసుకుంటాం.